పాత టైరు రబ్బరుతో పేవర్ బ్లాకులు పోసుకునే విధానం

కాంక్రీటులో టైరు రబ్బరు కలిపితే బలం పెరుగుతుందని కొందరు చెబుతుంటారు గానీ, నిజానికి తగ్గుతుంది. దానికి బదులుగా బ్లాకు తేలికవుతుంది, దెబ్బ తగిలితే పెళుసుగా పగలదు. అందువల్ల స్లాబు, బీము, పిల్లర్ల జోలికి పోకుండా, ఇంటి ఆవరణలో మనుషులు నడిచే దారికి మాత్రమే ఈ బ్లాకులు వాడాలి. కార్లు ఎక్కే చోట వద్దు.

హైదరాబాదులో ఆటోనగర్ వంటి చోట్ల, అరిగిన లారీ టైర్లకు రీట్రెడింగ్ (కొత్త పైపొర వేయడం) చేసే షాపుల్లో గీకిన పొట్టు దొరికినా, అది పీచులుగా ఉండి ఉండలు కడుతుంది. టైర్లను పొడి చేసే యూనిట్ల నుంచి 4.75 మి.మీ. జల్లెడలో దిగే గుళికలు తెచ్చుకోవడమే మేలు. అందులో అయస్కాంతం తిప్పి, మిగిలిన ఇనుప తీగ ముక్కలను ఏరివేయాలి. లేకపోతే బ్లాకు మీద తుప్పు మరకలు తేలతాయి.

రబ్బరు తయారీలో వాడిన జింక్ స్టియరేట్ అనే మైనంలాంటి పదార్థం గుళిక పైకి చేరి నీటిని అంటనీయదు కాబట్టి సిమెంటు సరిగా పట్టదు. లీటరు నీటికి 40 గ్రాముల కాస్టిక్ సోడా చొప్పున కలిపిన ద్రావణంలో అరగంట నానబెట్టి, జిడ్డు పూర్తిగా పోయేదాకా కడగడం ప్రయోగశాలల పద్ధతి. ఇంటి పనికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. మంచినీటితో బాగా కడిగి, పలుచని సిమెంటు పాలలో కలిపి, వెంటనే వాడితే సరిపోతుంది.

అసలు తప్పు కొలతలో జరుగుతుంది. ఒక బస్తా సిమెంటుకు ఒకటిన్నర పాళ్లు రోబో శాండ్ (రాతిని పొడి చేసిన ఇసుక), రెండు పాళ్లు బేబీ చిప్స్ (సన్న కంకర) తీసుకుంటే, ఇసుక దాదాపు 52 లీటర్లు, అంటే సుమారు 80 కిలోలు అవుతుంది. అందులో పది శాతం తీసి, దాని స్థానంలో 5 లీటర్ల రబ్బరు వేయాలి. మేస్త్రి దీన్నే తూకంలో లెక్కగట్టి 8 కిలోల రబ్బరు పోశాడంటే, రబ్బరు తేలిక కనుక అది 16 లీటర్లు దాటుతుంది, బ్లాకు బలం బాగా పడిపోతుంది. కాబట్టి తక్కెడను పక్కన పెట్టి డబ్బాతోనే కొలవాలి.

సిమెంటు, ఇసుక, చిప్స్, రబ్బరు ముందుగా కలిపి, ఆ తరువాత 20 లీటర్ల నీరు కొద్దికొద్దిగా పోయాలి. సిమెంటు పాలలోని నీటిని కూడా ఇందులోనే లెక్కించాలి. మిశ్రమం బిరుసుగా అనిపిస్తే నీరు పెంచకుండా ప్లాస్టిసైజర్ (మిశ్రమాన్ని జారుగా మార్చే రసాయనం) వేయాలి. మిశ్రమం పోసిన అచ్చులను వైబ్రేటర్ బల్ల (అదిరే బల్ల) మీద ఎక్కువసేపు ఉంచితే రబ్బరు పైకి తేలుతుంది. మరునాడు అచ్చు విప్పి, కనీసం పద్నాలుగు రోజులు తడపాలి. వేసవిలో అయితే తడి గోనె సంచులు కప్పి ఉంచాలి.

దారి పరిచే ముందు పోసి 28 రోజులైన బ్లాకు ఒకదాన్ని సుత్తితో పగలగొట్టి చూడాలి. నల్లని గుళికలు అడుగు నుంచి పైదాకా సమంగా కనిపిస్తే పరుచుకోవచ్చు. పైభాగంలోనే గుమిగూడి ఉంటే ఆ విడత బ్లాకులను మొక్కల చుట్టూ అంచులుగా వాడుకోవాలి.