రాడ్డా, మిషనా? చివరిసారి లేవకపోతే ఎక్కడ పడుతుందో చూసుకోండి

మా జిమ్ములో ఉదయం 10 నుంచి 12 దాకా లేడీస్ టైమింగ్. ఆ రెండు గంటల్లో చాలా రోజులు నేనూ, తిరిగే ఫ్యానూ తప్ప ఎవరూ ఉండరు. కోచ్ కుర్రాడు ఎదురు బడ్డీలో టీ తాగుతుంటాడు. శ్రీకాకుళంలో పిల్లలకి తెలుగు చెప్పి, ఉద్యోగం ముందే వదిలేసి, 54 ఏళ్ళకి ఇందులో చేరాను. మొదటిరోజే వాడు "మీకు రాడ్డొద్దు మేడం, మిషన్ల మీద చేసుకోండి" అన్నాడు. పక్కనే ఆమదాలవలస. అక్కడి ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్ళి, వెయిట్‌లిఫ్టింగ్‌లో, రాడ్డుని ఒక్క ఊపులో తలపైకెత్తే స్నాచ్‌లో 110, భుజాల దాకా తెచ్చి ఆపైన ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఈ జిల్లాలో కూర్చుని ఆడవాళ్ళకి రాడ్డొద్దంటాడేంటని నాకు పంతమొచ్చింది.

ఆ పంతంతోనే మూడో నెలలో, ఎవరూ లేనప్పుడు, బెంచ్ మీద పడుకుని 20 కిలోల రాడ్డుకి అటు రెండున్నర ఇటు రెండున్నర వేసుకున్నాను. పైకి తోసి, గుండెల మీదికి దించుతూ ఏడోసారి దించాను. లేవలేదు. పిలిస్తే వినేవాళ్ళు లేరు. రాడ్డుని గుండెల మీంచి పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించుకుని లేచాను. పొట్ట మీద కమిలిన చార నాలుగురోజులుంది. మావారికి చూపించలేదు.

అప్పట్నుంచి ఏది చేయబోయినా ముందు అడుగుకునేది ఒకటే: చివరిసారి లేవకపోతే ఈ బరువు ఎక్కడికి పోతుంది?

నేల మీదికి పోయేదైతే రాడ్డూ, డంబెల్సే నా ఓటు. నేల మీది రాడ్డుని పట్టుకుని నిలబడే డెడ్‌లిఫ్ట్ అలాంటిదే, లేవకపోతే వదిలేస్తాం, అంతే. డంబెల్‌ని నిలువుగా గుండెకానించుకుని గుంజీలలా కూర్చుని లేచే స్క్వాట్, బెంచికి ఒక చెయ్యి ఆనించి వంగి డంబెల్ లాగడం కూడా అంతే. ఇంట్లో పనికొచ్చేవీ ఇవే. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము ఇంకో 15, 16. దాన్ని వంటింట్లోకి జరపడానికి సీటూ వీపుదిండూ ఎవరూ పెట్టరు. నేను ఏడాదిపాటు, కూర్చుని కాళ్ళతో బరువు తోసే లెగ్‌ప్రెస్‌లో అంకెలు పెంచుకుంటూ పోయాను గానీ, బియ్యం బస్తా నేల మీంచి లేపబోతే నడుము ఎలా పెట్టాలో తెలియలేదు. కండ దేంతోనైనా పెరుగుతుంది. బలం మాత్రం ఏ పని అలవాటు చేస్తే ఆ పనికే ఎక్కువ వస్తుంది.

డెడ్‌లిఫ్ట్‌కి ఒక చిన్న సంగతి. కొత్తల్లో 5 కిలోల చిన్న ప్లేట్లు వేస్తాం కదా, అప్పుడు రాడ్డు చీలమండల దగ్గరే ఉండిపోతుంది. అంత కిందికి వంగితే నడుము గుండ్రంగా తిరిగిపోతుంది. అటూ ఇటూ రెండేసి పెద్ద ప్లేట్లు పడుకోబెట్టి, రాడ్డు ప్లేట్లు వాటి మీద ఆనేలా పెట్టుకోండి. రాడ్డు మోకాలికీ చీలమండకీ మధ్యకి రావాలి.

బరువు మన మీదికే వచ్చేదైతే, ఒంటరిగా ఉన్నరోజు మిషనే. ఛాతీకి చెస్ట్‌ప్రెస్ మిషన్, లేవకపోతే చేతులు వదిలేస్తే బరువు దాని చోటికి అది పోతుంది. భుజాల మీద రాడ్డు పెట్టుకుని చేసే స్క్వాట్ కావాలంటే, పక్కల అడ్డకడ్డీలున్న స్టాండులోనే చేయాలి. మీరు పూర్తిగా కూర్చున్నప్పుడు రాడ్డు ఎంత ఎత్తులో ఉంటుందో, దానికి రెండు వేళ్ళు కిందగా ఆ కడ్డీలు పెట్టాలి. ఖాళీ రాడ్డుతో ఓసారి కూర్చుని చూసుకోండి. అడ్డకడ్డీల్లేకుండా బెంచ్ చేయక తప్పదంటే ప్లేట్లకి లాక్ వేయకండి, ఒకవైపు వంచితే జారిపోతాయి. చప్పుడైతే కానీండి.

పైనున్న కడ్డీని కూర్చుని కిందికి లాగే లాట్ పుల్‌డౌన్ సంగతి వేరు. కడ్డీ పట్టుకుని వేలాడి ఒక్కసారి కూడా పైకి లేవలేను, కాబట్టి మిషన్ తప్ప గతి లేదు.

అయితే మిషన్ మన ఒంటికి సరిపోవాలి. నా ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. కూర్చుని కాళ్ళు ముందుకి చాచి బరువు లేపే లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో కూర్చుంటే మోకాలు సీటు అంచుకి రాదు. ఆ మిషన్ పక్కన తిరిగే ఇరుసు ఉంటుంది చూడండి, మోకాలి కీలు సరిగ్గా దానికెదురుగా ఉండాలి. వీపుదిండు ముందుకు జరిపినా రాకపోతే వెనక మరో దిండు పెడతాను. అప్పటికీ కుదరకపోతే దాన్ని వదిలేస్తాను, మోకాళ్ళు నావి. చెస్ట్‌ప్రెస్‌లో పిడులు ఛాతీ మధ్యకి రావాలి, భుజాల ఎత్తుకి కాదు. లెగ్‌ప్రెస్‌లో కాళ్ళు ముడిచినప్పుడు నడుము కింది భాగం దిండు నుంచి లేస్తోందంటే అక్కడే ఆపి తోసేయాలి. నాలాగా బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు ముందు డాక్టరుని అడగండి. తోసేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, నేను అంకెలు పైకి లెక్కపెడతాను, బిగబట్టడం కుదరదు.

మిషన్ల మీద అంకెల్ని మాత్రం నమ్మకండి. కప్పీల అమరికని బట్టి ఒక మిషన్‌లో 20, ఇంకోదాంట్లో 20లా ఉండదు. పైగా ఒక్కో పలక 5 కిలోలు. 10 నుంచి 15కి వెళ్ళడమంటే సగానికి సగం పెంచడమే! అలాంటప్పుడు 10తోనే ఎనిమిదిసార్లు చేసేది పదిహేనుకి తీసుకెళ్ళి, ఆ తర్వాతే పిన్ను కింది పలకకి మారుస్తాను. రాడ్డుకైతే ఆ బాధ లేదు, అటు 1.25 ఇటు 1.25 చాలు.

వారానికి రెండు రోజులు వెళ్తాను. డెడ్‌లిఫ్ట్, డంబెల్ స్క్వాట్ ఓపికున్నప్పుడే ముందు చేసేస్తాను. చేతులు అలిసిపోయాక మిషన్లు. కోచ్ కుర్రాడు టీ తాగి వచ్చేసరికి బెంచ్ ఖాళీగా ఉంటే "రాడ్డు పట్టుకోనా మేడం?" అంటున్నాడీమధ్య. వాడు తల దగ్గర నిలబడితే 30 చేస్తున్నాను.

అన్నట్టు చున్నీ బ్యాగులో పెట్టేయండి, జడ ముడేసుకోండి. కేబుల్ కప్పీ దగ్గర నా చున్నీ ఒకసారి సగం లోపలికి పోయింది. కత్తెరతో కోయాల్సివచ్చింది.