ఇన్వర్టర్ మోటారులో బేరింగులు పదేపదే పోతుంటే ఏం చేయాలి?

ఇన్వర్టర్ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) నడిపే మోటారు, కొత్త బేరింగు వేసిన కొన్ని నెలలకే మళ్లీ గుర్రుమంటోందా? గ్రీజు, అలైన్‌మెంటు సరిగ్గానే ఉంటే, బేరింగు గుండా కరెంటు పారుతోందేమో చూడాలి.

1. పాత బేరింగును పారేయకండి. బయటి రింగును కోసి, గ్రీజు తుడిచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. గోళీలు తిరిగే దారికి అడ్డంగా, దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా గీతలు కనిపిస్తే అది కరెంటు పనేనని గట్టిగా అనుమానించవచ్చు. ఆగి ఉన్న మోటారుకు బయటి అదురు తగిలినా గుంటలు పడతాయి. అయితే వాటి మధ్య దూరం గోళీల మధ్య దూరమంతే ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

2. కారణం తెలుసుకోండి. మామూలు త్రీఫేజు సరఫరాలో మూడు వోల్టేజీల మొత్తం ప్రతి క్షణం సున్నా. సాధారణ ఇన్వర్టర్‌లో ఒక్కో ఫేజు ప్లస్ వైపో మైనస్ వైపో ఉండాల్సిందే. ఉన్నవి మూడు కాబట్టి లెక్క ఎప్పుడూ సున్నాకు రాదు. ఆ మిగులు వోల్టేజీలో కొంత వైండింగు నుంచి గాలి సందు దాటి షాఫ్టుకు చేరుతుంది. గ్రీజు పొర తట్టుకోలేనప్పుడు చిన్న మెరుపు పుట్టి, ఉక్కు చుక్కంత కరుగుతుంది. సెకనుకు వేలసార్లు స్విచ్చింగు జరిగే చోట ఆ చుక్కలు ఎన్ని పడతాయో ఊహించండి.

3. ఆసిలోస్కోపుతో (వోల్టేజీ క్షణక్షణం మారే తీరును తెరపై గీతగా చూపే పరికరం) కొలవండి. తిరిగే షాఫ్టుకు కార్బన్ ఫైబర్ బ్రష్షు ఆనించి, బాడీతో పోల్చి చూడాలి. వోల్టేజీ పెరిగి నిట్టనిలువునా కూలుతుంటే మెరుపులు పడుతున్నట్టే. మల్టీమీటరు దీన్ని చూపలేదు. ఇది అనుభవజ్ఞుల పని. ఆపిన తర్వాత కూడా డ్రైవ్ కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జి ఉంటుంది. తయారీదారు చెప్పినంతసేపు ఆగి, కొలిచాకే ముట్టుకోండి.

4. ముందు ఎర్తింగు సరిచేయండి. అందరూ దాటేసే మెట్టు ఇదే. షీల్డు కేబుల్ (తీగల చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) వాడి, షీల్డును రెండు చివర్లా గ్లాండులో (కేబుల్ లోపలికి దూరే చోట ఉండే బిగింపు) చుట్టూ అంటేలా బిగించండి. దాన్ని తోకలా మెలితిప్పి ఒక స్క్రూకు కట్టడం పెద్ద తప్పు. హై ఫ్రీక్వెన్సీ కరెంటుకు ఆ తోకే అడ్డుకట్ట.

5. షాఫ్టుకు గ్రౌండింగు రింగు (షాఫ్టులోని కరెంటును బేరింగు గుండా పోనీయకుండా బాడీకి మళ్లించేది) పెట్టండి. పెద్ద మోటారులో షాఫ్టు, రెండు బేరింగులు, బాడీ కలిసి ఒక వలయమై కరెంటు తిరుగుతుంది. ఫ్యాను వైపు ఇన్సులేటెడ్ బేరింగు వేసి దాన్ని తెంచాలి, లోడు వైపు రింగు ఉంచాలి. రెండు బేరింగులనూ ఇన్సులేట్ చేసి వదిలేస్తే, కరెంటు కప్లింగు (షాఫ్టులను కలిపే భాగం) దాటి, మోటారు తిప్పే పంపు బేరింగును తినేయగలదు.

6. మళ్లీ కొలిచి, మొదటి కొలతలో తెరపై వచ్చిన గీతతో (వేవ్‌ఫారం) పక్కపక్కన పెట్టి చూడండి.