గో ఆట పుస్తకాలు: ఏది ముందు చదవాలి, ఎలా తెప్పించుకోవాలి?

చదరంగం పుస్తకం కావాలంటే హైదరాబాద్‌లో ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ గంట తిరిగితే చాలు, అట్ట ఊడినదైనా ఒకటి చేతికి తగులుతుంది. గీతల బోర్డు మీద నల్లరాళ్లు, తెల్లరాళ్లతో ఇద్దరు ఆడే గో ఆట పుస్తకం అలా దొరకదు. నేను చాలా ఆదివారాలు వెతికాను. "గో ఉందా?" అని అడిగితే ఒకాయన "ఎక్కడికెళ్లాలి సార్?" అన్నాడు.

అందుకే మనవాళ్లు గో పుస్తకం కొనాలంటే పేజీ తిప్పి చూసే వీలు లేకుండానే కొనాలి. అది మన స్థాయికి మించిందైతే పుస్తకం డబ్బూ పోతుంది, పోస్టేజీ పోతుంది, ఆట మీద ఉత్సాహమూ పోతుంది. నాకు మూడూ పోయాయి. నేను మొదట కొన్నది జోసెకి నిఘంటువు. బోర్డు మూలల్లో ఇద్దరూ సరిగ్గా ఆడితే రాళ్లు ఏ వరుసలో పడతాయో చెప్పే పుస్తకం అది. లావుగా ఉంది, చూడగానే గౌరవం కలిగింది. ఎక్కాలు బట్టీ పట్టినట్టు రెండు నెలలు పట్టాను. తీరా ఆటకి కూర్చుంటే అవతలివాడు నాలుగో ఎత్తుకే పుస్తకంలో లేని చోట రాయి పెట్టాడు. అది తప్పు ఎత్తని నాకు తెలుసు. ఎందుకు తప్పో, దాని పని ఎలా పట్టాలో తెలియదు. ఆ మూల మొత్తం పోయింది. పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో మానిటర్ కింద ఎత్తుపీటగా ఉంది.

1. పుస్తకం కంటే ముందు ఆడండి, మీ ర్యాంకు తెలుసుకోండి

పులిజూదం ఆడినవాళ్లకు గోలో అసలు సంగతి వెంటనే అర్థమవుతుంది. మేకలు చుట్టుముట్టి పులిని కదలనీయకుండా కట్టేస్తాయి కదా. ఇక్కడ కూడా రాయికి ఆనుకుని ఉన్న ఖాళీలే దాని ఊపిరి. అవన్నీ ఎదుటివాడు నింపేస్తే రాయి బోర్డు మీంచి లేచిపోతుంది. నియమాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, అరగంటలో వచ్చేస్తాయి. వాటి కోసం పుస్తకం కొనక్కర్లేదు.

పెద్ద బోర్డు అడ్డం 19 గీతలు, నిలువు 19 గీతలు, మొత్తం 361 కూడళ్లు. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకుండా 9 గీతల చిన్న బోర్డు మీద మొదలుపెట్టాలి. మొదటి 50 ఆటలు ఎంత త్వరగా ఓడిపోతే అంత మంచిదని గో ఆటగాళ్లలో పాత సామెత ఉంది. ఆ 50 అయ్యేదాకా పుస్తకం ఊసు ఎత్తకండి.

ఇంటర్నెట్‌లో గో ఆడుకునే ఓజీఎస్ లాంటి ఏదో ఒక సర్వర్లో ఆడుతూ ఉంటే మీకొక ర్యాంకు వస్తుంది. కొత్తవాళ్లు 30 క్యూ, 25 క్యూ దగ్గర మొదలై, నంబరు తగ్గుకుంటూ 1 క్యూ దాకా వస్తారు. ఆ తర్వాత 1 డాన్ నుంచి నంబరు పెరుగుతుంది. సర్వర్‌ని బట్టి రెండు మూడు ర్యాంకుల తేడా రావచ్చు, పట్టించుకోనక్కర్లేదు. గో పుస్తకాల అట్ట మీదో ముందుమాటలోనో ఫలానా క్యూ నుంచి ఫలానా క్యూ వరకు అని తరచూ రాస్తారు. మీ నంబరు తెలియకపోతే ఆ మాట మీకు పనికిరాదు.

2. కొనేముందు పది లెక్కల పరీక్ష పెట్టుకోండి

అట్ట మీద రాసింది సగమే నమ్మాలి. అమ్మకం పేజీలో నమూనా పేజీలు పెడతారు. వాటిలోని పది లెక్కలు తీసుకోండి. చేత్తో రాళ్లు కదపకుండా, కళ్లతో చూస్తూ మనసులోనే ఆడాలి. ఒక్కోదానికి ఒక్క నిమిషం.

ఏడో ఎనిమిదో వస్తే ఆ పుస్తకం మీదే. పదికి పదీ వస్తే అది దాటేసిన పుస్తకం, డబ్బు దండగ. మూడు కూడా రాకపోతే ఆరు నెలల తర్వాత చూద్దామని పేరు రాసి పెట్టుకోండి. ఈ లెక్క నేను పెట్టుకున్నదే, శాస్త్రమేమీ లేదు. కానీ ఇది మొదలుపెట్టాక నా అల్మరాలో సగంలో ఆగిపోయిన పుస్తకం ఒక్కటీ చేరలేదు.

లెక్క అంటే ఎలా ఉంటుందో చెబుతాను. తెల్ల గుంపు ఒకటి నాలుగు వైపులా నల్లరాళ్ల మధ్య ఇరుక్కుంది. లోపల వరుసగా మూడు ఖాళీలు ఉన్నాయి. గోలో గుంపు బతకాలంటే విడివిడిగా రెండు కళ్లు ఉండాలి, అంటే ఎదుటివాడు నింపలేని రెండు ఖాళీలు. ఇప్పుడు నలుపు వంతు. ఎక్కడ పెట్టాలి? నడి ఖాళీలో. అక్కడ నల్లరాయి పడ్డాక ఆ జాగాని తెలుపు రెండు కళ్లుగా విడదీసుకోలేదు, గుంపు చచ్చినట్టే. అదే తెలుపు వంతైతే తానే నడిమధ్య రాయి పెట్టి అటో కన్ను, ఇటో కన్ను చేసుకుంటుంది. ఖాళీలు వరుసగా నాలుగుంటే ఎవరి వంతైనా తెలుపు బతికే ఉంటుంది. అదే నాలుగూ చతురస్రంగా ఉంటే మాత్రం, తెలుపే ముందు ఆడినా చావు తప్పదు.

ఈ చావుబతుకుల లెక్కల్నే త్సుమెగో అంటారు. ఇప్పుడు రాసింది చదువుతుంటే బొమ్మ కళ్లముందు కట్టిందంటే మీరు రెండో మెట్టు పుస్తకానికి సిద్ధంగా ఉన్నట్టు. కట్టకపోతే మొదటి మెట్టు నుంచే రండి, తప్పేం లేదు.

3. ఈ వరుసలో చదవండి

20 క్యూ వచ్చేదాకా లెక్కల పుస్తకం ఒక్కటి చాలు. కానో యోషినోరి రాసిన గ్రేడెడ్ గో ప్రాబ్లమ్స్ ఫర్ బిగినర్స్ నాలుగు భాగాలుగా ఉంది. మొదటి భాగం ఒక్క రాయిని పట్టుకోవడం దగ్గర మొదలవుతుంది. ఒకేసారి నాలుగూ కొనకండి. మొదటిది అయ్యాక రెండోది, అది అయ్యాక మూడోది. నాలుగో భాగానికి వచ్చేసరికి మెట్టు బాగా ఎత్తుగా ఉంటుంది, అక్కడ మళ్లీ పది లెక్కల పరీక్ష పెట్టుకోండి.

20 దాటాక పెద్ద బోర్డు మీద మొదటి ముప్పై నలభై ఎత్తులు ఎక్కడ పెట్టాలో తోచక టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు ఆరంభం మీద ఒక్కటంటే ఒక్క పుస్తకం కొనండి. ఒటాకే హిదేఓ రాసిన ఓపెనింగ్ థియరీ మేడ్ ఈజీ ఇరవై సూత్రాలుగా ఉంటుంది. రోజుకో సూత్రం చదివినా నెల లోపే అయిపోతుంది. బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు.

10 క్యూ చుట్టుపక్కల అసలు చదువు మొదలవుతుంది. ఇక్కడ నేను అందరికీ చెప్పేది కాగెయామా తోషిరో పుస్తకం, లెసన్స్ ఇన్ ద ఫండమెంటల్స్ ఆఫ్ గో. ఆయన అమెచ్యూర్‌గా పేరు తెచ్చుకుని తర్వాత ప్రొఫెషనల్ అయినవారు. అందుకే మనలాంటివాళ్లు ఎక్కడ బద్ధకిస్తారో ఆయనకు తెలుసు. మొదటి అధ్యాయమే నిచ్చెన గురించి. రాయికి ఒక్క ఊపిరే మిగిలేలా చేయడాన్ని అటారి అంటారు, అలా అటారి మీద అటారి కొడుతూ రాయిని మెట్లు మెట్లుగా తరిమే ఎత్తుగడ అది. అది నాకు వచ్చుగా అనుకుంటూ పేజీ తిప్పబోయాను. తిప్పనివ్వలేదు ఆయన. నిచ్చెన చివరిదాకా మనసులో చదవలేని నువ్వు ఇంకేం చదువుతావని చీవాట్లు పెట్టినట్టే ఉంటుంది. నేనా రోజు బోర్డు తీసి లెక్కపెట్టుకుంటే, చివరి మెట్టు దాకా ఎప్పుడూ చూడనే లేదని తేలింది.

దాంతో పాటే 1970ల్లో మొదలైన ఎలిమెంటరీ గో సిరీస్‌లోంచి జేమ్స్ డేవిస్ పుస్తకాలు రెండు: టెసుజి, లైఫ్ అండ్ డెత్. పేరులో ఎలిమెంటరీ ఉంది కదా అని కొత్తవాళ్లు మోసపోతారు. అవి 10 క్యూ లోపు వచ్చినవాళ్లకే కొరుకుడు పడతాయి. రెండింట్లో ఒకటే కొనగలిగితే టెసుజి కొనండి, ఆట మధ్యలో తెలివైన ఎత్తులు ఎలా వెతకాలో అందులో ఉంది.

5 క్యూ దాటాక గొప్పవాళ్ల ఆటలు చూడండి. 19వ శతాబ్దపు జపాన్‌లో హొన్‌ఇన్‌బో షూసాకు, షోగన్ కోటలో జరిగే క్యాసిల్ ఆటల్లో వరుసగా 19 గెలిచాడు. ఆయన ఆటల సంకలనం ఇన్విన్సిబుల్ అనే పేరుతో ఇంగ్లీషులో ఉంది. ఖరీదైన లావాటి పుస్తకం. ముందుగా కొంటే నా జోసెకి నిఘంటువు పక్కన ఇంకో ఎత్తుపీట అవుతుంది.

మరి జోసెకి పుస్తకం ఎప్పుడంటారా? నన్నడిగితే అక్కర్లేదు. ఆట అయ్యాక కాటాగో అనే ఉచిత ప్రోగ్రామ్‌కి చూపిస్తే మూలలో ఎక్కడ తప్పు పెట్టారో అదే చెబుతుంది.

4. పాతబడే పుస్తకాలు, పాతబడనివి

2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్‌ని 4-1తో ఓడించింది. ఆ తర్వాత ఆరంభపు ఆట చాలా మారిపోయింది. ఉదాహరణకి, ఆట మొదట్లోనే ఎదుటివాడి మూలలో మూడు-మూడు బిందువులోకి (రెండంచుల నుంచీ మూడో గీతలు కలిసే చోటు) దూరడం తొందరపాటని పాత పుస్తకాలు చెప్పేవి. ఇప్పుడు ప్రొఫెషనల్స్ కూడా నిస్సంకోచంగా దూరుతున్నారు. కాబట్టి ఆరంభం మీదా జోసెకి మీదా పాత పుస్తకం చవగ్గా వచ్చినా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఒటాకే పుస్తకం కూడా పాతదే. దాన్ని ఎందుకు చెప్పానంటే, 15 క్యూ ఆటగాడు ఓడేది కొత్త సిద్ధాంతం తెలియక కాదు, రాళ్లన్నీ ఒకే మూలన కుప్పపోయడం వల్ల.

త్సుమెగోకి ఆ బాధ లేదు. చచ్చిన గుంపు ఏ కాలంలోనైనా చచ్చినట్టే. చైనాలో 14వ శతాబ్దంలో వచ్చిన షువాన్‌షువాన్ చీజింగ్, జపాన్‌లో 1713 నాటి ఇగో హత్సుయోరోన్, 1812లో హయాషి గెన్‌బి కూర్చిన గోక్యో ష్యుమ్యో ఇప్పటికీ ప్రొఫెషనల్స్ సాధన చేసే పుస్తకాలు. హత్సుయోరోన్ జోలికి మాత్రం సరదాకి కూడా వెళ్లకండి. దాన్లో కొన్ని లెక్కలు ప్రొఫెషనల్స్‌నే ఏళ్ల తరబడి తిప్పలు పెట్టాయి.

5. తెప్పించుకోవడం

ముందు ఈ-బుక్ ఉందేమో చూడండి. ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్ ఉన్నవాళ్లకు స్మార్ట్‌గో యాప్‌లో చాలా పుస్తకాలు అమ్మకానికి ఉన్నాయి. బొమ్మ మీద వేలు పెడితే రాళ్లు కదులుతాయి. పోస్టేజీ లేదు, నిరీక్షణా లేదు. ఆండ్రాయిడ్ వాళ్లు ప్రచురణకర్త పీడీఎఫ్ అమ్ముతున్నారేమో వెతకాలి. ఎవరో స్కాన్ చేసి పంచే కాపీల గురించి ఒక్క మాట: గో పుస్తకాలు ఇంగ్లీషులో వేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, వాళ్ల పొట్ట కొట్టొద్దు.

అచ్చు పుస్తకమే కావాలంటే ఆర్డర్ పెట్టేముందు ఇవి చూసుకోండి:

- భాగం సంఖ్య. గో పుస్తకాలు ఎక్కువగా సిరీస్‌లుగా వస్తాయి, అట్టలన్నీ ఒకేలా ఉంటాయి. ఐఎస్‌బీఎన్ నంబరు సరిపోల్చుకుంటే పొరపాటు జరగదు.
- లోపలి పేజీ ఫొటో. నేనొకసారి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర చవగ్గా కొన్నాను. వచ్చింది జిరాక్స్ లాంటి ముద్రణ. నల్లరాళ్ల మీద అంకెలు కనిపించవు. మూడో ఎనిమిదో తెలియకుండా గో పుస్తకం చదవడమంటే గుణింతాలు లేని తెలుగు చదవడమే.
- మొత్తం ఖర్చు. విదేశం నుంచి ఒక్క పుస్తకం తెప్పిస్తే పోస్టేజీ పుస్తకం ధరని మించిపోవచ్చు. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం కూడా పెట్టారు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకుంటే పోస్టేజీ పంచుకోవచ్చు.

ఇంకో దారి మనవాళ్లందరికీ తెలిసిందే. అమెరికాలో ఉండే మా మేనత్త కొడుకు సంక్రాంతికి వస్తుంటే రెండు పుస్తకాలు వాళ్లింటి అడ్రసుకి ఆర్డర్ పెట్టాను. సూట్‌కేసు తెరుస్తూ అన్నాడు: "చాక్లెట్లు తగ్గించి నీ చుక్కల పుస్తకాలు పెట్టాను బావా. పిల్లలు అడిగితే నువ్వే సమాధానం చెప్పుకో." ఈ పద్ధతిలో ఒక్క లోటుంది, మళ్లీ పుస్తకం కావాలంటే మళ్లీ పండగ రావాలి.

జపనీస్ పుస్తకాలకి భయపడకండి. త్సుమెగో పుస్తకంలో మాటలు తక్కువ, బొమ్మలే ఎక్కువ. బొమ్మ పక్కన ఉండే మాటలు నాలుగైదు గుర్తుపడితే చాలు: కురో అంటే నలుపు, షిరో అంటే తెలుపు, సెన్ తగిలితే ముందు వాళ్ల వంతని. జవాబుల్లో సెయ్‌కాయ్ సరైనది, షిప్పాయ్ తప్పినది, హెంకా ఇంకో దారి. ఈ లిపి గుర్తుల్ని ఒక కాగితం మీద గీసుకుని పుస్తకంలో పెట్టుకున్నాను. వారం తర్వాత ఆ కాగితం అవసరం పడలేదు.

6. వచ్చాక

జవాబు చూడకుండా చివరిదాకా మనసులో ఆడాలి. మొదటి ఎత్తు తట్టగానే పేజీ తిప్పేసి "నేను అనుకున్నదే" అనుకోవడం అందరూ చేసే పని. ఎదుటివాడు ఎక్కడ అడ్డు పెడితే మీరేం చేస్తారో కూడా చెప్పుకోగలిగితేనే ఆ లెక్క వచ్చినట్టు. రోజుకి పది చాలు, బస్సులోనో పడుకోబోయే ముందో.

జవాబులు పుస్తకంలో రాయకండి. తప్పిన లెక్క పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. పుస్తకం అయ్యాక చుక్కలున్నవి మాత్రమే మళ్లీ చేయండి, వచ్చినదాని చుక్క చెరిపేయండి. చుక్కలు నాలుగైదుకి దిగాక తర్వాతి పుస్తకం ఆర్డర్ పెట్టొచ్చు. కానో మొదటి భాగంలో నాకింకా రెండు చుక్కలు మిగిలే ఉన్నాయి. రెండూ కో అనే చిక్కుకి, అంటే ఒకే చోట ఇద్దరూ ఒకరి రాయిని ఒకరు మార్చి మార్చి పట్టుకునే పరిస్థితికి సంబంధించినవే.