పాయింట్ టూటూ (.22) టార్గెట్ రైఫిల్ బ్యారెల్ ఎలా క్లీన్ చేసుకోవాలి?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే బ్రాంజ్ కొట్టిన 50 మీటర్ల ఈవెంట్‌లో వాడేది పాయింట్ టూటూ రైఫిలే, ఇక్కడ చెప్పేదంతా దాని గురించే. ఒక్క మాట ముందే చెప్తున్నా, బ్యారెల్స్ కాల్చి కాల్చి పాడవడం కంటే తప్పుగా క్లీన్ చేసి పాడవడమే ఎక్కువ అని నా నమ్మకం, అందుకే తొందరపడకండి.

మొదట మ్యాగజైన్ ఉంటే తీసేసి, బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే భాగం) బయటికి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. ఇది అయ్యాకే మిగతా పని.

క్లీనింగ్ రాడ్ జాయింట్లు లేకుండా ఒకటే ముక్కగా, పైన కోటింగ్ ఉన్నది తీసుకోండి. ముక్కలు బిగించే రాడ్ వంగి లోపలి గాడుల్ని గీకేస్తుంది. బోల్ట్ తీసిన చోట బోర్ గైడ్ (రాడ్‌ని తిన్నగా పోనిచ్చే గొట్టం) పెట్టి ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచే తోయండి, మజిల్ (బుల్లెట్ బయటికొచ్చే చివర) వైపు నుంచి వద్దు. ఎందుకంటే మజిల్ చివర ఉండే క్రౌన్ బుల్లెట్‌ని ఆఖరుగా తాకే చోటు, అక్కడ ఒక పక్క కొంచెం అరిగినా వెనక గ్యాస్ సమానంగా బయటికి రాక బుల్లెట్ పక్కకి పోతుంది, గ్రూప్ (టార్గెట్ మీద షాట్లు పడిన గుంపు) పెద్దదైపోతుంది.

ఇప్పుడు సాల్వెంట్‌తో (మురికిని కరిగించే ద్రవం) తడిపిన ప్యాచ్ (చిన్న గుడ్డ ముక్క) ఒకటి తోసి, అవతల బయటికి రాగానే ప్యాచ్ తీసేసి రాడ్ మెల్లగా వెనక్కి లాగండి. కాసేపు నాననిచ్చి పొడి ప్యాచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి, నలుపు తగ్గేదాకా. టార్గెట్ బుల్లెట్ మామూలు సీసం, పైన మైనం లాంటి లూబ్రికెంట్ ఉంటుంది, రాగి జాకెట్ ఉండదు కాబట్టి కాపర్ సాల్వెంట్ అక్కర్లేదు.

అసలు మొండిది ఛాంబర్ దాటగానే రింగులా పేరుకునే గట్టి కార్బన్. అక్కడ సాల్వెంట్ ఎక్కువసేపు ఉంచి, బ్రాంజ్ బ్రష్ కొద్దిసార్లు మాత్రమే. బ్రష్‌ని బ్యారెల్ మధ్యలో ఆపి వెనక్కి తిప్పకండి, పూర్తిగా బయటికి పోనివ్వండి, క్రౌన్ మీదుగా వెనక్కి లాగకుండా విప్పేసి తీయండి. స్టీల్ బ్రష్ జోలికి అస్సలు పోవద్దు.

లోపల అద్దంలా మెరవాలని మాత్రం పట్టుబట్టకండి. క్లీన్ చేశాక మొదటి కొన్ని షాట్లు అటూ ఇటూ పోతాయి, బోర్‌లో (బ్యారెల్ లోపలి రంధ్రంలో) మళ్లీ లూబ్రికెంట్ సమానంగా పరుచుకోవాలి, అందుకని మ్యాచ్ పొద్దున క్లీనింగ్ పెట్టుకోవద్దు. ఎన్ని రౌండ్లకోసారి అంటే మీ గ్రూప్ చూసి మీరే తెలుసుకోవాలి.

విశాఖ లాంటి తేమ ఊళ్లలో దాచేముందు సన్నగా నూనె ప్యాచ్ ఒకటి పోనివ్వండి, కాల్చేముందు పొడి ప్యాచ్‌తో తుడిచేయండి. వానాకాలం ఫోమ్ కేస్‌లో నెలల తరబడి మూసి పెట్టేస్తే తుప్పు ఖాయం.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ఈ సాల్వెంట్లు, నూనెలు వద్దు, పొడి ఫెల్ట్ పెల్లెట్లు (బ్యారెల్ తుడిచే చిన్న ఫెల్ట్ ముక్కలు) చాలు. పనయ్యాక చేతులు సబ్బుతో కడగందే ఏమీ తినకండి, ఆ నలుపులో సీసం ఉంటుంది, వాడిన ప్యాచ్‌లు కూడా పిల్లలకి అందకుండా కవర్‌లో కట్టి పారేయండి.