స్టెల్లారిస్‌లో మత సామ్రాజ్యాన్ని నడిపే విధానం

2016 మే 9న విడుదలైన స్టెల్లారిస్ అనే అంతరిక్ష వ్యూహ కంప్యూటర్ ఆటలో స్పిరిచువలిస్ట్ (ఆధ్యాత్మికవాద) ఎథిక్‌ను, అంటే సామ్రాజ్యం పాటించే మూల విలువను, ఎంచుకొని, ఆ తరువాత శాస్త్ర పరిశోధనే ప్రాణంగా సాగే సామ్రాజ్యం మాదిరిగానే ఆడేవారు తరచుగా మధ్యదశకు వచ్చేసరికి వెనకబడిపోతారు. మత సామ్రాజ్యానికి చోదకశక్తి యూనిటీ అనే వనరు; ట్రెడిషన్లు అనే శాశ్వత మెరుగుదలలను కొనేది దీనితోనే. దానిని ఇతరులకన్నా ముందుగా సంపాదించి, సంపాదించిన వెంటనే ఖర్చు పెట్టగలిగినప్పుడే ఈ ఎంపికకు అర్థం ఉంటుంది. ఆటలోని అంకెలు ప్రతి పెద్ద అప్‌డేట్‌తోనూ మారుతుంటాయి, 2025 మే నెలలో వచ్చిన 4.0 అయితే జనాభాను లెక్కించే పద్ధతినే మార్చివేసింది. అందువల్ల ఇక్కడ శాతాలకన్నా, అప్‌డేట్లు ఎన్ని వచ్చినా నిలిచే తర్కానికే ప్రాధాన్యం ఇస్తున్నాను.

సామ్రాజ్యాన్ని రూపొందించే తెరపై ఎథిక్స్ కోసం మూడు పాయింట్లు ఉంటాయి. ఫెనాటిక్ స్పిరిచువలిస్ట్ రెండింటిని తీసుకొంటుంది, మామూలు స్పిరిచువలిస్ట్‌కు ఒకటి చాలు, దానికి ఎదురుగా నిలిచే మెటీరియలిస్ట్ (భౌతికవాద) ఎథిక్‌ను మాత్రం దీనితో కలపడం కుదరదు. తొలిసారి ఆడేవారికి నేను సూచించే కూర్పు ఫెనాటిక్ స్పిరిచువలిస్ట్, జెనోఫైల్ (ఇతర జాతులను ఆదరించే ఎథిక్). ఈ సామ్రాజ్యానికి రోబోలతో ఎప్పుడూ చిక్కే కాబట్టి, పని చేసే చేతులు ఇతర జాతుల వలసల ద్వారా రావలసి ఉంటుంది. జెనోఫైల్ తీసుకొంటే పొరుగువారితో స్నేహం, దాని వెంట వలస ఒప్పందాలు తేలికవుతాయి. సివిక్స్ అనే ప్రభుత్వ లక్షణాలలో ఎక్సాల్టెడ్ ప్రీస్ట్‌హుడ్ ఈ పద్ధతికి చక్కగా నప్పుతుంది, కాకపోతే అది ప్రజాస్వామ్య ప్రభుత్వానికి దొరకదు. ఇంపీరియల్ కల్ట్ కావాలంటే అథారిటేరియన్ (అధికారవాద) ఎథిక్‌తోపాటు రాచరికం కూడా ఉండాలి. డెత్ కల్ట్‌లో సొంత జనాభాను బలి ఇచ్చి లాభాలు పొందవచ్చు గాని, జనాభా విలువ ఇంకా అంచనాకు రాని ఆటగాడు దాని జోలికి పోకపోవడమే మేలు.

మొదటి దశాబ్దాలలో మీ దృష్టి అంతా ఆలయాలపై ఉండాలి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన 3.3 అప్‌డేట్ యూనిటీ వ్యవస్థను తిరగరాసిన నాటి నుంచి, ఇతర సామ్రాజ్యాలలో పరిపాలనా కార్యాలయాల గుమాస్తాలు చేసే పనిని ఇక్కడ ఆలయాల పూజారులు చేస్తున్నారు. పూజారులు యూనిటీతోపాటు ప్రజలకు సౌకర్యాలను కూడా అందిస్తారు, అందుకు బదులుగా వినియోగ వస్తువులను ఖర్చు చేస్తారు. కనుక ఆలయం కట్టే ముందు ఆ వస్తువుల నెలవారీ మిగులు ఎంత ఉందో చూసుకోవాలి. ఆ లెక్క చూడకుండా వరుసగా నాలుగు ఆలయాలు కడితే నిల్వలు అడుగంటి, సంతృప్తి పడిపోయి, పెంచుకొన్న యూనిటీ ప్రయోజనమే దెబ్బతింటుంది.

వచ్చిన యూనిటీని దాచుకోవద్దు. సామ్రాజ్య పరిమాణం 100 దాటిన తరువాత ప్రతి అదనపు పాయింటుకూ ట్రెడిషన్లు, సాంకేతికతలు ఖరీదవుతూ పోతాయి కాబట్టి, చిన్నగా ఉన్నప్పుడు తీసుకొన్న ట్రెడిషన్ చౌకగా వస్తుంది, పైగా దాని ఫలితం ఎక్కువ కాలం అందుతుంది. నా అభిప్రాయంలో మొదట ఎక్స్‌పాన్షన్ అనే ట్రెడిషన్ వృక్షాన్ని (ట్రెడిషన్ల సమూహాన్ని) పూర్తి చేయడం మంచిది, ఎందుకంటే కొత్త వలస గ్రహాలు త్వరగా ఎదిగితే ఆలయాలకు చోటు, పూజారులకు మనుషులు సమకూరుతారు. ఒక వృక్షం పూర్తయిన ప్రతిసారీ ఒక అసెన్షన్ పెర్క్ (పెద్ద ప్రత్యేక ప్రయోజనం) ఎంచుకొనే అవకాశం తెరుచుకొంటుంది. మత సామ్రాజ్యం సాధించే అసలు ఆధిక్యం ఇక్కడే ఉంది: ఇతరులు రెండో పెర్క్ కోసం చూస్తుండగా మీరు మూడో పెర్క్ దగ్గర ఉండగలరు.

రోబోల విషయంలో ముందుగానే ఒక నిర్ణయానికి రావాలి. రోబోల నిర్మాణం జనాభా పెరుగుదలకు రెండో దారి, దానిని వదులుకోవడం చిన్న నష్టం కాదు. అయితే రోబోలను, కృత్రిమ మేధను అనుమతించే విధానాలు స్పిరిచువలిస్ట్ ఫ్యాక్షన్‌కు, అంటే ఆ ఎథిక్‌ను నమ్మే ప్రజల రాజకీయ వర్గానికి, నచ్చవు. ఆ ఫ్యాక్షన్ ఆమోదం తగ్గితే అది అందించే యూనిటీ తగ్గుతుంది, దాని సభ్యుల సంతోషం కూడా తగ్గుతుంది. జనాభాలో అత్యధికులు ఆ ఫ్యాక్షన్ వారే అయిన సామ్రాజ్యంలో కొద్దిపాటి రోబో కార్మికుల కోసం ఈ మూల్యం చెల్లించడం లాభసాటి బేరం కాదు. వలస ఒప్పందాలపై ఆధారపడి, రోబోలను పూర్తిగా నిషేధించి, ఆ నిషేధం వల్ల పెరిగే ఆమోదాన్ని అనుభవించడమే సరైన దారి. జయించిన మెటీరియలిస్ట్ గ్రహాలపై తొందరపడకుండా ముందు ఒక ఆలయం కట్టి, అక్కడి జనం మనసు మారేందుకు కొన్నేళ్లు ఆగాలి.

2017 ఏప్రిల్ నాటి యుటోపియా విస్తరణ (ఆటకు అదనపు భాగం) ఉన్నవారికి మధ్యదశ లక్ష్యం సయానిక్ మార్గం, అంటే అతీంద్రియ మానసిక శక్తులను పెంచుకొనే దారి. పరిశోధన జాబితాలో సయానిక్ థియరీ కనిపించగానే మరో ఆలోచన లేకుండా దానిని ఎంచుకోవాలి, స్పిరిచువలిస్టులకు అది ఎదురయ్యే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ. తరువాతి పెర్క్‌ను ఆ మార్గాన్ని తెరిచే మైండ్ ఓవర్ మ్యాటర్‌కు కేటాయించండి. ఒకసారి ఈ దారి పట్టిన తరువాత జన్యు, యంత్ర మార్గాలు మూసుకుపోతాయి, కానీ రోబోలను ఇదివరకే నిషేధించిన సామ్రాజ్యానికి ఆ తలుపులతో పెద్దగా పని లేదు. కొన్ని గ్రహాలను పవిత్రంగా ప్రకటించుకొనే కన్సెక్రేటెడ్ వరల్డ్స్ పెర్క్ మాత్రం ఖాళీ మిగిలితేనే తీసుకోదగినది.

ఈలోగా హోలీ గార్డియన్స్ అనే పతన సామ్రాజ్యం (క్షీణించినా ఇంకా బలంగా ఉన్న ప్రాచీన శక్తి) మీ గెలాక్సీలో ఉందేమో గమనించాలి. దాని సరిహద్దుల పరిసరాలలో కనిపించే అందమైన గైయా గ్రహాలు (ఏ జాతి నివాసానికైనా అనువైనవి) వారు పవిత్రంగా భావించే లోకాలు. వాటిపై మీ ప్రజలను దింపితే ఖాళీ చేయమని ఆజ్ఞ వస్తుంది, కాదంటే యుద్ధమే. వారితో సమాన మతస్థులు కావడం వల్ల కొంత సుముఖత దక్కవచ్చు గాని, ఈ నేరానికి మాత్రం మినహాయింపు లేదు. వారి నౌకాదళాన్ని ఎదుర్కొనే శక్తి వచ్చేవరకు ఆ గ్రహాలను చూసీ చూడనట్టు వదిలేయాలి.

సయానిక్ మార్గం చివర ష్రౌడ్ అనే అదృశ్య లోకం తెరుచుకొని, అందులోని శక్తులతో ఒడంబడికలకు అవకాశం వస్తుంది. 2025లో వచ్చిన షాడోస్ ఆఫ్ ది ష్రౌడ్ విస్తరణ ఈ భాగాన్ని మరింత విస్తృతం చేసింది. ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ డిజైర్, కంపోజర్ ఆఫ్ స్ట్రాండ్స్ వంటివాటితో ఒప్పందానికి కొంత మూల్యం ఉన్నా భరించగలిగినదే. ఎండ్ ఆఫ్ ది సైకిల్ సంగతి వేరు. అది అపారమైన ఉత్పత్తిని ఇస్తుంది, సరిగ్గా 50 ఏళ్ల తరువాత మీ గ్రహాలన్నింటినీ తుడిచిపెట్టి, గెలాక్సీ మీదికే ఒక వినాశక శక్తిని వదులుతుంది. సాధారణ అమరికలో ఆట 2200లో మొదలై విజేత 2500లో నిర్ణయమవుతాడు కాబట్టి, 2450 దాటిన తరువాత ఆ అవకాశం ఎదురైతే అప్పు తీర్చవలసిన గడువు ఆట ముగిశాకే వస్తుంది. అంతకుముందు ఎదురైతే, ఎంత కష్టంలో ఉన్నా, తిరస్కరించే బటన్‌నే నొక్కండి.