సెకండ్ హ్యాండ్ కారు స్టార్ట్ అవ్వకపోతే: ముందు చెవి, తర్వాతే స్పానర్

"అన్నా, బండి స్టార్ట్ అవ్వట్లేదు" అని ఫోన్ రాగానే నేను అడిగేది ఒకటే: "సెల్ఫ్ కొడుతోందా, కొట్టట్లేదా?" చాలామంది అక్కడే తడబడతారు. తాళం తిప్పితే ఇంజను తిరుగుతుంది కానీ అంటుకోదు అంటే అది పెట్రోలు, ప్లగ్గులు, సెన్సర్ల సంగతి. ఇంజను అసలు కదలనే కదలదు అంటే బ్యాటరీ, వైర్లు, ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారు సంగతి. ఈ రెండూ కలిపేసి చెబితే ట్యాంకులో బాగున్న పంపు మార్చేస్తారు, డబ్బులు పోతాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా చేతులు మారిన బళ్లే. కొత్త బండిలో కంపెనీ వేసిన వైరింగు ఒక్కటే ఉంటుంది. పాతదాంట్లో మొదటి ఓనరు పెట్టించిన స్టీరియో, రెండో ఓనరు వేయించిన రివర్స్ కెమెరా, మధ్యలో ఎవరో మోజుపడి బిగించిన పెద్ద హారను, వాటన్నిటికీ టేపు చుట్టిన అతుకులు ఉంటాయి. అందుకే కంపెనీ సామానును తప్పుపట్టే ముందు, మధ్యలో ఎవరెవరి చేతులు పడ్డాయో చూడమంటాను.

ముందుగా తేలిక పనులు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ పూర్తిగా అడుగు దాకా తొక్కండి. క్లచ్ తొక్కితే తప్ప సెల్ఫ్ కొట్టని బళ్లు చాలా ఉన్నాయి. పెడల్ కింద మ్యాటు మడతపడి అడ్డొచ్చినా సెల్ఫ్ కొట్టదు. ఆటోమేటిక్ అయితే గేరు పి (పార్కింగ్) లోనో ఎన్ (న్యూట్రల్) లోనో ఉండాలి. పి లో కొట్టకపోతే ఎన్ లో పెట్టి చూడండి.

ఇప్పుడు గోడకు ఎదురుగా హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. చెవి ఇంజను మీద, కన్ను గోడ మీద. లైట్లు బాగా మసకబారి టకటకటకమని వరసగా చప్పుడొస్తే కరెంటు చాలడం లేదు. లైట్లు అలాగే వెలుగుతూ ఒక్కసారి గట్టిగా 'టక్' మని ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మోటారు మీదికి పోతుంది. లైట్లు బాగున్నాయి, చప్పుడే లేదంటే తాళం దగ్గర్నుంచి సోలనాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) దాకా ఎక్కడో లైను తెగింది. ఇంజను గిరగిరా తిరుగుతోందంటే ఈ మూడూ వదిలేసి కింద పెట్రోలు సంగతి దగ్గరికి వెళ్లిపోండి.

టకటక చప్పుడు వినగానే కొత్త బ్యాటరీ కొనేయకండి. బానెట్ ఎత్తి టెర్మినల్ చేత్తో పట్టుకుని తిప్పండి. కదిలిందా? అదే జబ్బు కావచ్చు. చిన్న పెట్రోలు కార్లకు వచ్చే బ్యాటరీల్లో కొన్నిటి స్తంభాలు (క్లాంపు బిగించే మొనలు) సన్నగా, కొన్నిటివి లావుగా ఉంటాయి. అమ్మేవాడు చవగ్గా దొరికిందని వేరే సైజు బ్యాటరీ వేస్తే క్లాంపు వదులైపోతుంది. అప్పుడు మధ్యలో రేకుముక్కో, మేకో దూర్చి సుత్తితో కొడతారు. నాలుగు నెలలు బాగానే నడుస్తుంది. తర్వాత ఆ రేకు చుట్టూ పటిక పొడి చల్లినట్టు తెల్లగా, రాగి ఉన్నచోట పచ్చగా పేరుకుపోతుంది. పైకి క్లాంపు బిగుతుగానే కనిపిస్తుంది, లోపల కరెంటు దాటదు. మేకు పీకేసి, కొలతకు సరిపోయే సీసం తొడుగు వేసుకోండి, లేదంటే క్లాంపే మార్చండి.

శుభ్రం చేయడానికి 10 నంబరు స్పానర్, వేడి నీళ్లు, ఒక చెంచా వంట సోడా, పాత టూత్ బ్రష్ చాలు. ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర్న మైనస్. వరస తప్పి ప్లస్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకుండా చూసుకోండి. తుడిచి, ఆరాక, బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ రాయండి.

కొన్ని వందల రూపాయలకు మల్టీమీటర్ దొరుకుతుంది, పాత కారు కొన్నవాళ్లు ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకోండి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే కొలిస్తే 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగం. 12 కిందికి దిగితే ఖాళీ కింద లెక్క. ఇంకొకరిని తాళం తిప్పమని, సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడండి. ఛార్జింగ్ నిండుగా ఉండి కూడా 9.6 కిందికి జారిపోతుంటే ఆ బ్యాటరీ లోపల చచ్చినట్టే. బండి స్టార్ట్ అయ్యాక 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 12 దగ్గరే తచ్చాడుతుంటే డైనమో (ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది, ఆల్టర్నేటర్) ఛార్జింగ్ ఇవ్వడం లేదు, ఎన్ని బ్యాటరీలు మార్చినా రెండ్రోజులకు మళ్లీ ఇదే కథ.

చలికే బ్యాటరీలు పోతాయని అనుకుంటారు. మన బెజవాడలో వాటిని చంపేది ఎండ. వేడికి లోపలి నీళ్లు ఆవిరై ప్లేట్లు బయటపడతాయి. మూత విప్పే రకం అయితే వేసవిలో నెలకోసారి చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. కుళాయి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు వద్దు.

మీటరు బాగానే చూపిస్తోంది, టెర్మినళ్లు శుభ్రంగా ఉన్నాయి, అయినా సెల్ఫ్ నీరసంగా మూలుగుతోందా? అయితే ఎర్త్ చూడాలి. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, అక్కడి నుంచి ఇంజనుకో గేర్‌బాక్సుకో ఒక పట్టీ వైరు వెళ్తుంది. క్లచ్ ప్లేటు మార్చినప్పుడు దాన్ని విప్పి మళ్లీ గట్టిగా బిగించకుండా వదిలేస్తుంటారు. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజను ఇనుముకు తగిలించి సెల్ఫ్ కొట్టండి. టక్కున తిరిగితే దొంగ దొరికినట్టే. చిన్న పట్టీతో పోయే పనికి సెల్ఫ్ మోటారు మార్చిన బళ్లు నేను చాలా చూశాను.

వేరే బండి నుంచి కరెంటు ఇప్పించుకోవడానికీ ఒక వరస ఉంది. ఎర్ర కేబుల్ మీ ప్లస్‌కి, రెండో కొస బాగున్న బండి ప్లస్‌కి. నల్ల కేబుల్ బాగున్న బండి మైనస్‌కి, రెండో కొస మీ ఇంజను మీద రంగు లేని ఇనుముకి. చివరి కొసను మీ బ్యాటరీ మీద పెట్టొద్దు. అక్కడ గ్యాసు ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. నెట్టించి స్టార్ట్ చేయాలంటే తాళం ఆన్ చేసి, సెకండ్ గేరులో, వేగం అందుకున్నాక క్లచ్ వదలాలి. ఆటోమేటిక్‌కి ఇది పనికిరాదు. బ్యాటరీ పూర్తిగా చచ్చినా కుదరదు, పంపుకీ కంప్యూటర్‌కీ కాస్తయినా కరెంటు కావాలి. ఇంజను ఆగి ఉంటే బ్రేకు, స్టీరింగు బిగుసుకుంటాయి. ఫ్లైఓవర్ దిగే వాలులో నెట్టించే సాహసాలు వద్దు.

ఒక్క 'టక్' సంగతికి వద్దాం. సెల్ఫ్ మోటారు మీద స్పానర్ పిడితో మెల్లగా రెండు దెబ్బలు వేస్తూ ఇంకొకరిని తాళం తిప్పమనండి. బండి న్యూట్రల్‌లో ఉండాలి, చెయ్యి బెల్టుకు దూరంగా ఉండాలి. ఆ దెబ్బకు తిరిగితే లోపల కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయన్నమాట. ఇల్లు చేరేదాకే ఈ వైద్యం. ఆటోనగర్‌లో బ్రష్షులు, బుష్షులు, బెండిక్స్ (ఇంజను పళ్లచక్రాన్ని పట్టి తిప్పే గేరు) విడివిడిగా మార్చి ఇస్తారు. ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే తీగచుట్ట) కాలిపోతే తప్ప కొత్త మోటారు అక్కర్లేదు. విప్పేటప్పుడు దగ్గరే నిలబడి పాత బ్రష్షులు అడిగి తీసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

చప్పుడే రాకపోతే ఫ్యూజు, సెల్ఫ్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్ డబ్బా), క్లచ్ స్విచ్ చూడండి. ఫ్యూజ్ బాక్సులో ఒకే నంబరు రిలేలు రెండు మూడు ఉంటాయి. హారను రిలేదీ అదే నంబరైతే పీకి సెల్ఫ్ రిలే చోట పెట్టి చూడొచ్చు.

ఇక సెల్ఫ్ శుభ్రంగా కొడుతూ ఇంజను అంటుకోని బండి. ముందు తాళం 'ఆన్' దాకానే తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు వైపు చెవి పెట్టండి. పెట్రోలు బళ్లలో ఎక్కువ వాటికి పంపు రెండు సెకన్లు 'జూమ్' మని ఆగుతుంది. ఆ చప్పుడుంటే పంపు బతికే ఉంది. లేకపోతే ఫ్యూజు, రిలే చూడండి. వాటి తర్వాత, పంపు జోలికి వెళ్లేముందు, దొంగ స్విచ్ కోసం వెతకండి.

ఇది సెకండ్ హ్యాండ్ బళ్ల ప్రత్యేకత. గుంటూరు నుంచి ఒకాయన వాగన్ ఆర్ తాడు కట్టించుకుని వచ్చారు. కారు కడిగించిన దగ్గర్నుంచి స్టార్ట్ అవ్వట్లేదట, పంపు పోయిందని ఎవరో అప్పటికే చెప్పారట. పంపు చప్పుడు లేని మాట నిజమే. స్టీరింగ్ కింద, బానెట్ లాగే పిడి పక్కన, తలకిందులుగా పడుకుని లైటు వేసి చూస్తే గోరంత నల్ల స్విచ్ కనపడింది. కంపెనీది కాదు. మొదటి ఓనరు దొంగల భయంతో పంపు వైరు తెంచి మధ్యలో పెట్టించుకున్నాడు, అమ్మేటప్పుడు చెప్పడం మర్చిపోయాడు. కారు లోపల దుమ్ము లాగే కుర్రాడి గొట్టం తగిలి అది పడిపోయింది. పైకి అన్నాను, బండి అంటుకుంది. "ఇంతేనా బాబూ?" అన్నారాయన, కాస్త కోపంగానే. పాత కారు కొనేటప్పుడు బేరంతో పాటు ఈ మాట కూడా అడగండి: ఎక్కడైనా సీక్రెట్ స్విచ్ ఉందా?

సీఎన్‌జీ బళ్లవాళ్లకు ఒక మాట. గ్యాసు చవకని పెట్రోలు ట్యాంకును ఎప్పుడూ ఎర్ర గీత మీదే ఉంచుతారు. చాలా కిట్లలో బండి పెట్రోలు మీద అంటుకుని, తర్వాతే గ్యాసుకు మారుతుంది. పైగా ట్యాంకులో పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోలుతోనే. ఎండిన ట్యాంకులో తిరిగి తిరిగి పంపు కాలుతుంది. ఎప్పుడూ ఐదారు లీటర్లు ఉండనివ్వండి.

డాష్‌బోర్డులో కారు బొమ్మో, తాళం బొమ్మో ఉన్న లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటుంటే తాళంలోని చిప్‌ను బండి గుర్తుపట్టడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. అమ్మినవాళ్లు ఒక్క తాళమే ఇచ్చి ఉంటే అది ఇప్పుడు తెలిసొస్తుంది. చాలాసేపు సెల్ఫ్ కొట్టి పెట్రోలు వాసన గుప్పుమంటే ప్లగ్గులు తడిసిపోయాయి. ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే పెట్రోలు ఆగి గాలే వెళ్తుంది, ఆరి అంటుకుంటుంది. వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక మామూలుగా స్టార్ట్ అయ్యే బండిలో నేను ముందు క్రాంక్ సెన్సర్ (ఇంజను తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు చెప్పేది) చూస్తాను. సెల్ఫ్ ఎప్పటికంటే వేగంగా, బరువే లేనట్టు తిరుగుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి, టైమింగ్ బెల్టు (వాల్వులను ఇంజనుతో కలిపి తిప్పేది) తెగి ఉండొచ్చు. ఇంకో తిప్పు తిప్పితే వాల్వులు పోవచ్చు. డీజిల్ అయితే స్ప్రింగు బొమ్మ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి, ఫిల్టరులో నీళ్లు దించండి. ఏ బండికైనా పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి.

అపార్ట్‌మెంట్ సెల్లారులో పెట్టే బండైతే బానెట్ కింద ఎలుకల జాడ చూడండి. గోనె పీచు, కొబ్బరి పీచు కనిపిస్తే ఇంజెక్టర్ వైర్ల వెంట వేలితో తడుముతూ వెళ్లండి. కొరికిన చోట రాగి మెరుస్తుంది.

నీళ్లలో మునిగిన బండికి ఇవేవీ వర్తించవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు, నీళ్లు తీయగానే తాళం తిప్పినవాళ్ల ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్లను మోసే కడ్డీలు) వంగాయి. గాలిని నలిపినట్టు నీటిని నలపలేం. అలాంటి బండికి ముందు బ్యాటరీ విప్పేయాలి, తర్వాత ప్లగ్గులు విప్పి లోపలి నీళ్లు బయటికి వెళ్లాకే ఇంజను తిప్పాలి. అప్పుడు మునిగినవి కొన్ని పాలిష్ కొట్టించుకుని తర్వాత అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి చార ఉందేమో చూడండి. స్టెప్నీ గుంటలో సన్నటి ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు కూడా అదే చెబుతాయి. అలాంటి బండి ఒకరోజు స్టార్ట్ అయి ఒకరోజు అవ్వకపోతే, కార్పెట్ ఎత్తి కింది కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి పచ్చటి చిలుము చూడండి.

చివరిగా, రెండ్రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోయే బండి. బండి ఆపి, తలుపులు మూసి, మైనస్ వైరు విప్పి, మల్టీమీటర్‌ను ఆంప్స్‌లో పెట్టి స్తంభానికీ వైరుకూ మధ్యలో తగిలించండి. మీటరు ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టొద్దు. అరగంట ఆగాక 50 మిల్లీ ఆంపులకు మించి చూపిస్తుంటే ఏదో కరెంటు తాగుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ పోండి, ఏది పీకితే అంకె పడిపోతుందో ఆ లైనులో ఉంది దొంగ. ఎక్కువసార్లు స్టీరియో దొరుకుతుంది, అప్పుడప్పుడు డాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టంత జీపీఎస్ ట్రాకర్ దొరుకుతుంది. ట్రాకర్ కనపడితే తెంచేయకండి. ముందు ఆర్‌సీ తీసి హైపోథికేషన్ గడి (బండి మీద అప్పు ఇచ్చినవాళ్ల పేరుండే చోటు) చూడండి. అక్కడ ఫైనాన్స్ పేరు ఇంకా ఉంటే నా దగ్గరికి కాదు, బండి అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లండి.