చిగుళ్ళ నుంచి రక్తం, ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్ర: ఈ రెండింటి సంగతీ చూడండి

మా నాన్న పదేళ్ళు రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకున్నారు. మందుల షాపులో అడగగానే ఇచ్చేస్తారు, వేసుకుంటే మంట తగ్గుతుంది, ఇంక డాక్టర్ ఎందుకులే అనుకున్నాం ఇంటిల్లిపాదీ. ఒకరోజు విరేచనం తారులా నల్లగా అయ్యింది. ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండు, దానికి కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. రెండు వారాల మందులతో పోయింది. పదేళ్ళ కిందటే ఒక్క పరీక్ష చేయించి ఉంటే సరిపోయేది కదా అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పుండంటే కారం, టెన్షన్ వల్లే వస్తుందని డాక్టర్లు కూడా నమ్మిన రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూపించారు. జనం నమ్మకపోతే 1984లో మార్షల్ దాన్ని తనే తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కడుపు క్యాన్సర్ తెచ్చేవాటిలో ఇదొకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే తేల్చింది. అయితే ఇది కడుపులో ఉన్నవాళ్ళలో ఎక్కువ మందికి క్యాన్సర్ రాదు, కాబట్టి భయపడొద్దు. పరీక్ష మాత్రం చేయించుకోండి.

పరీక్షకు రెండు దారులున్నాయి, గొట్టంలోకి గాలి ఊదే బ్రెత్ టెస్ట్, లేదా మలం పరీక్ష. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు వాడుతూ పరీక్షకు వెళితే బాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు, అందుకే డాక్టర్‌ని అడిగి ఆ మాత్రలు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్ అయితే నాలుగు వారాల ముందు ఆపాలి. రక్తపు వాంతి, నల్ల విరేచనం, మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ఊదే పరీక్షల కోసం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఎండోస్కోపీ గురించి అడగండి.

మందులు మామూలుగా 14 రోజులు, రోజుకు బోలెడన్ని మాత్రలు. నోరు చేదెక్కుతుంది, వాటిలో బిస్మత్ అనే మందు ఉంటే విరేచనం నల్లబడుతుంది, అది మందు రంగే. ఐదో రోజుకి బాగుందని ఆపేస్తే మాత్రం చావని బాక్టీరియా మొండిదై మిగులుతుంది. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, గ్యాస్ మాత్ర విషయంలో అదే జాగ్రత్త తీసుకుని మళ్ళీ పరీక్ష చేయించండి. పోయిందో లేదో తెలిసేది అప్పుడే. దీనికి రక్త పరీక్ష పనికిరాదు, తగ్గిన తర్వాత కూడా చాలాకాలం ఉన్నట్టే చూపిస్తుంది.

ఇక నోటి సంగతి. పళ్ళ మీది పాచిలో ఉండే ఫ్యూజోబాక్టీరియం న్యూక్లియేటం అనే బాక్టీరియా పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో కనిపిస్తోంది. 2024లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు సుమారు 200 గడ్డలు పరిశీలిస్తే, దాంట్లో ఒక ప్రత్యేకమైన రకం దాదాపు సగం వాటిలో దొరికింది. పళ్ళు బాగా తోముకుంటే పేగు క్యాన్సర్ రాదని మాత్రం ఇంకా ఎవరూ నిరూపించలేదు, ఎవరైనా అలా చెప్పి పేస్టు అమ్మితే నమ్మకండి. కానీ చిగుళ్ళు బాగుంటే షుగర్ అదుపుకు మేలు, గుండె కవాటాలకూ మేలు. ఇది చాలదా?

మెత్తటి బ్రష్‌ని చిగురు, పన్ను కలిసేచోట కొంచెం ఏటవాలుగా ఆనించి, రెండు నిమిషాలు నెమ్మదిగా తోమండి. రాత్రి తోమడం అస్సలు మానొద్దు. బొగ్గుపొడి, ఇటుకపొడి పళ్ళను అరగదీస్తాయి. రక్తం వస్తోందని ఆ చోటు వదిలేస్తారు చాలామంది, నిజానికి పాచి ఉన్నది అక్కడే. పాచి గట్టిపడి గారైతే ఏ బ్రష్షుకీ రాదు, డెంటిస్టు దగ్గర స్కేలింగ్ (గార గీకి తీయడం) చేయించుకోవాల్సిందే. స్కేలింగ్‌తో పళ్ళు వదులవుతాయన్నది అపోహ, పళ్ళను వదులు చేసేది ఆ గార, దాని కింది వాపే. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు పన్ను తీయించుకునే ముందే ఆ సంగతి డెంటిస్టుకు చెప్పాలి, ముందుగా ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు.

ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ నోరు రోజూ శుభ్రం చేయండి. నోటి బాక్టీరియా ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. తల ఎత్తి కూర్చోబెట్టే తినిపించండి, రాత్రి కట్టుడు పళ్ళు తీసేయండి.

జలుబుకు యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు, అది పేగుల్లోని మంచి బాక్టీరియానూ చంపుతుంది. విరేచనంలో రక్తం పడితే మొలలేలే అని మీకు మీరే తేల్చుకోవద్దు. ఇంకొక్క మాట. జ్వరం తగ్గక బ్లడ్ కల్చర్ (రక్తంలో బాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష) చేయించినప్పుడు రిపోర్టులో స్ట్రెప్టోకాకస్ గాలోలిటికస్ లేదా బోవిస్ అనే బాక్టీరియా పేరు ఉంటే, గుండెకు ఎకో స్కాన్‌తో పాటు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) కూడా చేయాలా అని డాక్టర్‌ని అడగండి. ఆ బాక్టీరియా రక్తంలో దొరికినవాళ్ళలో కొందరికి పెద్దపేగులో అప్పటికే గడ్డ ఉంటుంది.